గువ్వ మాట పిన్ని నోట

ఆ పసిపిల్లల బడిలో ఆయాని అందరూ సబ్బు పిన్ని అంటారు. ఊరికే అనరు లెండి. బొమ్మలు, బల్లలు, తలుపు గడియలు, ఆఖరికి గోడ మీద వేసిన ఏనుగు మూతి కూడా ఆవిడ చేతిలో తళతళలాడాల్సిందే. మురికి కనపడితే చాలు, ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టు అయిపోతుంది ఆవిడకి.

బడి మొత్తానికీ ఉన్నది ఒకటే ట్యాబ్. అందరూ దాంతో ఆడుకుంటారు గానీ, అసలది గువ్వ కోసం తెచ్చింది. గువ్వకి నాలుగేళ్ళు, మాట రాదు. నీళ్ళ బొమ్మ నొక్కితే ట్యాబ్ "నీళ్ళు" అంటుంది. పిన్ని ఫొటో నొక్కితే "పిన్ని" అంటుంది. అలా బొమ్మ వెనక బొమ్మ నొక్కుతూ బోలెడన్ని కబుర్లు చెప్పేది ఆ పిడుగు.

ఆ వారం పిల్లలందరికీ జలుబు. ముక్కు తుడుచుకున్న చేత్తోనే ట్యాబ్ పట్టుకుంటే అంటుకోక ఏం చేస్తుంది మరి!

"ముట్టుకునే ముందు అందరి చేతులూ కడిగించండి పిన్నీ. ట్యాబ్ ఆపేసి, మెత్తటి గుడ్డ కాస్త తడిపి, బాగా పిండి తుడవండి," అంది టీచరమ్మ.

పిన్ని తలూపింది. ఊపిందే గానీ, పిండేసిన గుడ్డతో తుడిస్తే అదీ ఒక శుభ్రమేనా అనుకుంది మహాతల్లి. నేల తుడిచే మందునీళ్ళు తెచ్చి ట్యాబ్ మీదే జల్లు కొట్టింది. స్పీకరు చిల్లుల్ని కూడా వదల్లేదు.

ఇంకేముంది, దాని గొంతు కాస్తా పోయింది.

గువ్వ వచ్చి నీళ్ళ బొమ్మ నొక్కింది. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కింది. చెవి దగ్గర పెట్టుకుని చూసింది. ఆఖరికి నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. పిన్ని గుండె నీరైపోయింది.

"ఎంత పని చేశానమ్మా! చేజేతులా పిల్ల నోరు మూసేశాను కదా!"

"రేపు రిపేరుకిద్దాం. వాళ్ళమ్మకి దానంతటదే పాడైందని చెబుతాలెండి," అంది టీచరమ్మ.

పిన్నికి ప్రాణం లేచొచ్చింది. ఆ తల్లి ముక్కోపి. ఇంతకుముందున్న ఆయాని, పిల్లకి దెబ్బ తగిలిందని, పన్లోంచి తీయించేదాకా ఊరుకోలేదు.

ఆ రోజంతా పిన్ని గువ్వని అంటిపెట్టుకునే ఉంది. గువ్వ ఏ బొమ్మ నొక్కితే ఆ మాట తను పైకి అంది. మధ్యాహ్నానికల్లా గువ్వకి అలవాటైపోయింది. బొమ్మ నొక్కడం, పిన్ని నోటి వంక చూడడం.

సాయంత్రం తల్లి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతోంది. పిన్ని ఒళ్ళో కూర్చున్న గువ్వ టకటకా నొక్కింది. పిన్ని. పాడు. కోపం. నొక్కి, తలెత్తి చూసింది.

"ఏమంటోంది పిన్నీ?" అంది తల్లి.

తల్లి చూడకుండా టీచరమ్మ చెప్పొద్దని సైగ చేసింది. గుమ్మం దగ్గరికి ట్యాబ్ తెర కనపడదు. ఇంటికెళ్దామంటోంది అనేస్తే సరిపోయేది. కానీ గువ్వ రెప్ప వెయ్యడం లేదు. పిల్లకి ఇప్పుడున్న నోరు ఇదొక్కటే, దాంతో అబద్ధం ఆడటానికి పిన్నికి మనసొప్పలేదు.

"పిన్ని పాడు చేసింది. పిన్ని మీద నాకు కోపం," అంది పిన్ని.

తల్లి మొహం జేవురించింది. గువ్వ అటు చూడనే లేదు. మళ్ళీ అవే బొమ్మలు నొక్కింది.

పిన్ని ఈసారి ఇంకా గట్టిగా చెప్పింది.