జరాగు, ఇంక అయిపోలే

పాట మొదలుపెట్టడంలో గ్రేస్‌ను మించినవాళ్లు ఆత్మకూరులో లేరు. ముగించడమంటారా, ఆ సంగతి అడక్కండి. ఆమె కంటే వాళ్లింటి కోడిపెట్ట నయం, అది గుడ్డు పెట్టాకే అరిచి ఊరికి చెబుతుంది. గ్రేస్ ముందే చెప్పేస్తుంది. "కొత్త పాట చేస్తున్న, ఇన్నరంటె దిమ్మ తిరుగుతది" అంటుంది. ఆ పాట బయటికొచ్చేది లేదు గనుక ఇప్పటిదాకా ఎవరి దిమ్మా తిరగలేదు.

పగలంతా బస్టాండు పక్కన జిరాక్స్ సెంటర్లో పని. ఊళ్లోవాళ్ల ఆధార్ కార్డులూ పాసుపుస్తకాలూ జిరాక్సులు తీసి తీసి, సాయంత్రం ఇల్లు చేరగానే పాత ల్యాప్‌టాప్ తెరిచి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలిస్తుంది. పాటలు కట్టే విద్య వీడియోలు చూసి నేర్చుకుంది. ముందు డప్పు దెబ్బ వేస్తుంది, దాని కింద బేస్ పెడుతుంది, పైన తన గొంతుతో రెండు లైన్లు పాడుతుంది. నిమిషం పాట తయారవుతుంది. బాగానే ఉంటుంది కూడా. తంటా అంతా మర్నాడు మొదలవుతుంది. డప్పు మోటుగా ఉందనిపిస్తుంది. డప్పు మారిస్తే బేస్ నచ్చదు. బేస్ మారిస్తే గొంతు పీలగా వినిపిస్తుంది. దేవుడిచ్చిన గొంతును మార్చే మీట ల్యాప్‌టాప్‌లో దొరకదు గనుక, మొత్తం పాటనే పక్కన పడేసి ఇంకోటి మొదలుపెడుతుంది. ల్యాప్‌టాప్ లోపల 'ఫైనల్' అని ఒకటి, 'కొత్త ఫైనల్' అని ఒకటి, 'ఇదే ఫైనల్' అని ఒకటి, చివరికి 'ప్రభువా ఫైనల్' అని ఒకటి ఉన్నాయి. ఒక్కటీ పూర్తి పాట కాదు.

తండ్రి ఇస్రాయేలు తాపీమేస్త్రి. "నీ లెక్క నేను ఇండ్లు కట్టివుంటె ఆత్మకూరంత పునాదులే ఉంటుండె బిడ్డా" అని నవ్వుతాడు. తల్లి సుగుణమ్మకు మాత్రం నవ్వు రాదు. ఆమె వాడలోని ప్రైమరీ బడిలో మధ్యాహ్నం వంట చేస్తుంది. అన్నం దించగానే వంటగది గుమ్మంలో నిలబడి, చీరకొంగు నడుముకు దోపి, ఒక్క కేక పెడుతుంది. "బువ్వ తిందురు రాండ్రీ, సల్లారిపోతాందీ!" అంతే, పలకలూ పుస్తకాలూ ఎక్కడివక్కడ వదిలి పిల్లలు పళ్లాలతో పరుగెత్తుకొస్తారు. ఆ పూటకు గంట కొట్టడం సార్లు ఎప్పుడో మానేశారు.

బడంతా వినే ఆ కేకను ఇంట్లో వినని మనిషి ఒక్క గ్రేసే. "జరాగు అమ్మా, ఇంక అయిపోలే!" అంటుంది, తల కూడా తిప్పకుండా. పళ్లెం మీద మూత పెట్టి పెట్టి సుగుణమ్మకు విసుగొచ్చింది.

"ఇంక కాలే, ఇంక కాలే అనుకుంట పొయ్యి మీదనే పెడితే కూర మాడుతది బిడ్డా. దించుడు గూడ తెల్వాలె."

గ్రేస్‌కు ఒళ్లు మండేది. కూరకైతే ఉప్పో కారమో చూస్తే చాలు, పాటకు ఏం చూడాలో ఏ వీడియోలోనూ చెప్పడం లేదు.

డిసెంబరు మొదట్లో డేవిడ్ వచ్చాడు. పెద్దనాన్న కొడుకు. చర్చిలో సౌండ్ బాక్సులూ పిల్లల డ్యాన్సులూ అతని చేతి మీద నడుస్తాయి. కిందటి క్రిస్మస్‌కు ఫోన్లోంచి ఏదో వీడియో పాట పెడితే, దేవదూతలు రెక్కలు చాచి తిరుగుతుండగా మధ్యలో మోకాళ్ల నొప్పుల నూనె ప్రకటన వచ్చిపడింది. దూతలు రెక్కలు చాచినవాళ్లు చాచినట్టే నిలబడిపోయారు. ముందు వరసలో ఉన్న లింగయ్య తాత, ఆ నూనె ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమని పక్కవాళ్లను పొడిచాడు. ఆ పరువు తక్కువ డేవిడ్ ఇంకా మరిచిపోలేదు.

"ఈసారి నీ పాటనే పెడ్తున్న చెల్లె. పాస్టరయ్యకు చెప్పిన, ఆయన సంఘమంతటికి చెప్పిండు."

"ఎందుకు చెప్పినవన్నా గప్పుడే?"

"రెండేండ్ల సంది ఇస్త ఇస్త అంటున్నవ్. ఈసారి గూడ ఇయ్యకుంటె ఇగ అడుగ."

ఆ మాట గ్రేస్‌కు సూటిగా తగిలింది. ఇగ అడుగ. అడిగే మనిషి లోకంలో ఉన్నది ఆ ఒక్కడే. ఈ పాట కూడా ముగించలేకపోతే ల్యాప్‌టాప్ మూసి ఎవరికైనా ఇచ్చేద్దామని, జిరాక్సులు తీసుకుంటూ బతుకుదామని ఆ రోజే నిశ్చయించుకుంది. ఎవరికీ చెప్పలేదు. ప్రార్థనలో ప్రభువుకు మాత్రం చెప్పుకుంది.

రెండ్రోజుల్లో పాట మొదలైంది. చెప్పాను కదా, మొదలుపెట్టడంలో ఆమెకు తిరుగులేదు. "పశువుల పాకల పుట్టినవాడా, పస్తులు తెలిసిన మా రాజా" అని పల్లవి అల్లుకుంది. డప్పు వేసింది, బేస్ పెట్టింది. సాయంత్రం మైకు ముందు కూర్చుని చివరి పల్లవి పాడుతుండగానే డేవిడ్ పెన్‌డ్రైవ్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పిల్లలు అడుగులు నేర్చుకోవడానికి ఏదో ఒకటి కావాలని ఒకటే పోరు. గ్రేస్ ఉన్నదున్నట్టు ఎక్కించి ఇచ్చింది.

"ఉత్త ప్రాక్టీసుకే అన్నా. మనిషన్నోడికి ఎవ్వరికి ఇనిపియ్యకు."

"పిల్లలకు?"

"పిల్లలు మనుషులా? వాళ్లకు ఇనిపియ్యి."

ఆ తొందరలో తాను రికార్డు చేసిందేమిటో చివరిదాకా విననైనా వినలేదు.

ఇక అసలు పాట మీద పడింది. డప్పు తీసేసింది. వయొలిన్లు పెట్టింది, గుడి గంటలూ చర్చి గంటలూ తేడా తెలియకుండా గంటలు పెట్టింది, తన గొంతునే నాలుగుసార్లు పాడి ఒకదానిమీద ఒకటి పేర్చింది. వయొలిన్లు ఎక్కువయ్యాయని తగ్గించింది, తగ్గాయని పెంచింది. విని విని, అది బాగుందో లేదో చెప్పే తెలివి కూడా చెవులకు పోయింది. ఒక ఆదివారం హెడ్‌ఫోన్లు తీసి మంచం మీదికి విసిరి, దుప్పటి ముసుగేసుకుని ఏడ్చింది. తనకు సంగీతం రాదని, వచ్చని ఇన్నాళ్లూ ఊరికే అనుకుందని ఏడ్చింది. సుగుణమ్మ మూతపెట్టిన పళ్లెం తెచ్చి పక్కన పెట్టి వెళ్లిపోయింది.

క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం, ఎక్కడి దాకా వచ్చిందో అక్కడి దాకా ఉన్న పాటను తీసుకుని చర్చికి వెళ్లింది. పిల్లలు వరసగా నిలబడ్డారు. డేవిడ్ పాట పెట్టాడు. వయొలిన్లు మోగాయి, గంటలు మోగాయి. పిల్లలు కదల్లేదు. వాళ్లందరికీ నాయకురాలు బ్లెస్సీ అనే రెండో తరగతి పిల్ల, గ్రేస్ వాళ్ల పక్కింటిదే. నడుం మీద చేతులు పెట్టుకుని ముందుకొచ్చింది.

"అక్కా, గిది మా పాట గాదు."

"మీదేనే. మంచిగ చేసి తెచ్చిన."

"మంచిగ జేసి ఖరాబ్ చేసినవ్. కుక్కరేది?"

"కుక్కరా?"

డేవిడ్ పైకప్పు వంక చూశాడు. తర్వాత, తప్పు తనది కాదన్నట్టు, పాత పెన్‌డ్రైవ్ పెట్టాడు.

డప్పు మొదలైంది. పిల్లలు మొదలయ్యారు. గొర్రెలూ కాపరులూ దూతలూ కలిసి పాక చుట్టూ తిరుగుతుంటే గ్రేస్‌కు ముందు ముచ్చటేసింది. చివరి పల్లవి దగ్గర, వెనకాల పొయ్యి మీది కుక్కర్ విజిల్ బుస్సున మోగింది. అందరూ ఒక్కసారి గాల్లోకి ఎగిరి దూకారు. దూకినవాళ్లు ఇంకా నేల మీద కుదురుకోకముందే బాక్సుల్లోంచి సుగుణమ్మ గొంతు లేచింది. "ఓ గ్రేసూ, బువ్వ తిందువు రావే, సల్లారిపోతాందీ!" మరి రోజూ బడిలో వినే గొంతాయె. ఎవరూ నేర్పకుండానే గొర్రెలూ దూతలూ పరుగెత్తుకెళ్లి బంతిలో కూర్చుని, అరచేతులు పళ్లాల్లా చాపారు.

ఒక్క బ్లెస్సీ మాత్రం కూర్చోలేదు. దూరంగా నిలబడి, రెండు చేతులూ చెవులకు అదుముకుని, కళ్లు మూసుకుని తల ఊపుతోంది. అప్పుడు బాక్సుల్లోంచి గ్రేస్ గొంతు విసుగ్గా అరిచింది. "జరాగు అమ్మా, ఇంక అయిపోలే!" బ్లెస్సీ కళ్లు తెరవకుండానే పొమ్మన్నట్టు చెయ్యి విదిలించింది. పాట అక్కడితో తెగింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.

గ్రేస్‌కు చెవులు ఎర్రబడ్డాయి. అందరూ బంతిలో ఉన్నారు, చెవులు మూసుకున్న పిల్ల ఒక్కతే బయట ఉంది.

"నేను గట్లనే ఉంటనా?" అని అడిగింది మెల్లగా.

"నువ్వు ఇంకా ఎక్కువ జేస్తవక్కా. నేను జర తగ్గించి జేసిన."

డేవిడ్ దగ్గరికొచ్చాడు. "పిల్లలు మస్తు ఇష్టపడ్డరని నీకు చెప్పలే. ఏది పెట్టమంటవో రేపు నువ్వే పట్కరా చెల్లె."

క్రిస్మస్ పొద్దున్నే సుగుణమ్మ ప్రేమవిందు వంటకని చర్చికి వెళ్లిపోయింది. ఇస్రాయేలు పొయ్యిరాళ్లు పెట్టడానికి వెంట వెళ్లాడు. ఇంట్లో గ్రేస్ ఒక్కతే కూర్చుని రెండు పాటలూ విన్నది. వయొలిన్ల పాటలో రాజు పుట్టింది పశువుల పాకలోనా, ఏసీ ఫంక్షన్ హాలులోనా అని ఆమెకే అనుమానమొచ్చింది. పాత పాటలో డప్పు మోటుగానే ఉంది. గొంతు పీలగానే ఉంది. దాన్ని సరిచేద్దామని చెయ్యి మౌస్ మీదికి దానంతటదే పోయింది. గ్రేస్ ఆ చేతిని తీసి తొడ కింద పెట్టుకుని కూర్చుంది. అట్లా కూర్చుని, ఏదీ ముట్టుకోకుండా, తన పాటను తాను మొదటిసారి చివరిదాకా విన్నది. తల్లి గొంతు వచ్చినచోట ఆమెకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లుగా రోజూ పిలిచిన పిలుపు అది, ఎంత బాగుందో ఇప్పుడు వినపడింది.

ఆ తర్వాత వచ్చింది తన మాట. జరాగు అమ్మా, ఇంక అయిపోలే.

ఆ ఒక్క ముక్క కోసేసింది. ఇంకేమీ ముట్టుకోలేదు. పేరు దగ్గర 'ఫైనల్' అని కొట్టబోయి, తుడిచేసి, 'పాట' అని పెట్టింది.

చర్చి కిటకిటలాడుతోంది. ప్రసంగం అయ్యాక పిల్లలు పైకొచ్చారు. గ్రేస్ మెడలో హెడ్‌ఫోన్లతో డేవిడ్ పక్కన, బాక్సుల దగ్గర కూర్చుంది. డప్పు మోగింది. లింగయ్య తాత చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు, తాళం తప్పినా గట్టిగా కొట్టాడు. కుక్కర్ విజిల్‌కు పిల్లలు దూకితే సంఘమంతా ఘొల్లుమంది. "ఓ గ్రేసూ, బువ్వ తిందువు రావే" అని బాక్సులు పిలిచేసరికి ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. పిల్లలు బంతిలో కూర్చున్నారు.

బ్లెస్సీ చెవులు మూసుకుని నిలబడింది. 'జరాగు' అనే మాట కోసం చూస్తోంది. మాట రాలేదు. ఒక కన్ను తెరిచి గ్రేస్ వంక చూసింది. ఆ ముక్క కోసేసిన సంగతి పిల్లకు చెప్పలేదని గ్రేస్‌కు అప్పుడు గుర్తొచ్చింది. ఇంకేదో ఉందని అందరూ ఎదురుచూస్తున్నారు. బ్లెస్సీ కింది పెదవి వణకడం మొదలైంది.

గ్రేస్ లేచింది. మెడలో హెడ్‌ఫోన్లు తీసి డేవిడ్ చేతిలో పెట్టి, పైకెక్కి, పిల్ల చెవుల మీది చేతులను నెమ్మదిగా కిందికి దించింది. ఇద్దరూ వెళ్లి బంతి చివర కూర్చున్నారు. గ్రేస్ కూడా అరచెయ్యి చాపింది.

అప్పుడు పడ్డాయి చప్పట్లు. ఆ చప్పట్ల మధ్య, తన గొంతు తనకే వినబడితే ఏమైందోనని గంటె పట్టుకుని పరుగెత్తుకొచ్చిన సుగుణమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. సంగతి ఆమెకు సగమే అర్థమైంది. ఆ సగంతోనే, అంతమందిలో, ఇంట్లో అడిగినట్టే అడిగింది.

"అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

సుగుణమ్మ సంతోషం ఆపుకోలేక కళ్లు తుడుచుకుంది. వెంటనే గొంతు సవరించుకుంది.

"మరి ఇంకేం జూస్తున్నరు? రాండ్రీ, బగారన్నం సల్లారిపోతాందీ!"

పాస్టరయ్య ముగింపు ప్రార్థన ఇంకా చేయనేలేదు. కానీ ఆ కేకకు పిల్లలు అప్పటికే గుమ్మం దాటారు, లింగయ్య తాత చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఆ రోజు ఆయన ప్రార్థన కూడా తొందరగానే ముగిసింది.

షామియానా కింద మొదటి బంతిలో, బ్లెస్సీ పక్కన గ్రేస్ కూర్చుంది. సుగుణమ్మ గంటె నిండా పొగలు కక్కే అన్నం తెచ్చి ఆమె విస్తట్లో వేసింది. చల్లారిన కూడుకు అలవాటుపడ్డ గ్రేస్ చూసుకోకుండా పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుంది. నాలుక చుర్రున కాలింది.