తలుపు మూసిన అలమరలో రెండు కార్డులు

ఆ వారం మొదట్లో నా చేతిలో ఉన్న సరుకు రెండు పాత గ్రాఫిక్స్ కార్డులు, ఒక బావమరిది. కార్డులు మూతపడ్డ డిజైన్ ఆఫీసు సామాను గంపగుత్తగా కొంటే వచ్చాయి. బావమరిది పెళ్ళితో వచ్చాడు. మూడింటికీ వారంటీ లేదు.

కంప్యూటర్ తెర మీద బొమ్మను గీసి కదిలించేది గ్రాఫిక్స్ కార్డు. నేను అమ్మేవన్నీ ఒకరు వాడి వదిలేసినవే. కొత్త సరుకు అమ్మేవాడికి డబ్బా మీద అచ్చేసిన మాటలుంటాయి. పాత సరుకు అమ్మేవాడికి తన నోటి మాటే డబ్బా. అందుకని ఏ కార్డు చేతికొచ్చినా ముందు దాని సత్తా చూసి, తరవాతే ధర కడతాను.

ఈ రెండింటిలో మొదటిది పొడుగ్గా, ఎర్ర చారలతో, రెండు ఫ్యాన్లతో కళ్ళు చెదిరేలా ఉంది. దానికి జోడెద్దు అని పేరు పెట్టాం. రెండోది ఇంకా పాతది, కాల్చిన ఇటుకలా నల్లగా ఉంటుంది. ఒక చివర ఒకే ఒక్క చిన్న ఫ్యాను. అది ఒంటెద్దు. అది తిరగడం మొదలుపెడితే పక్క కొట్లో మంగలి కత్తెర ఆపి ఇటు చూసేవాడు, అంత రొద. జోడెద్దుకి నేను అనుకున్న ధరలో సగానికైనా ఒంటెద్దును వదిలించుకుందామనుకున్నాను.

మా బావమరిది మా కొట్టు మేడ మీదే గేమింగ్ సెంటర్ నడుపుతాడు. కొట్టుకి ఏ కార్డు వచ్చినా వాసన పట్టినట్టు దిగివస్తాడు. మా పరీక్ష పద్ధతి కూడా అతను నేర్పిందే. పెట్టె లేకుండా కంప్యూటర్ భాగాలన్నీ బల్ల మీద పరుస్తాం. కార్డు గుచ్చుతాం. పరీక్ష ప్రోగ్రాం పెడితే తెర మీద ఒక గుహ, మంటలు, పైన ఎగిరే డ్రాగన్. సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తే కార్డు అంత గట్టిదని లెక్క. మా వీధిలో పాత కార్డులు అమ్మే వాళ్ళందరిదీ అదే పద్ధతి.

ఆ రోజు కూడా డ్రాగన్ ఎగురుతుండగా ఒకావిడ వచ్చింది. మోచేతుల దాకా తెల్లటి పొడి.

"అన్నయ్యా, నా కంప్యూటర్లో దవడ తిరగడం లేదు."

నేను నోరు తెరిచేలోపే బావమరిది అందుకున్నాడు. "పళ్ళ డాక్టరు పక్క వీధండీ."

"ఆ డాక్టర్లకి కట్టుడు పళ్ళు చేసిచ్చేది నేనే బాబూ. నీ వరస చూస్తే నీకు త్వరలోనే అవసరం పడేట్టుంది. అరిగేది నోరు వాడే వాళ్ళ పళ్ళే."

మంగలి గోడ అవతల నవ్వాడు.

ఆవిడ పని ఏమిటో అడిగి తెలుసుకున్నాను. డాక్టర్లు రోగి నోటిని స్కాన్ చేసి పంపుతారు. ఈవిడ ఆ దవడను తెర మీద తిప్పుతూ, లేని పంటి చోట కొత్త పన్ను మలుస్తుంది. ఆ తరవాత దాన్ని అచ్చు తీసి, అరగదీసి, మెరుగు పెడుతుంది. పాత కార్డు కాలిపోయింది. సరిగ్గా ఇప్పుడే ఒక పెద్ద దంత వైద్యశాల నమూనాగా ఒక బ్రిడ్జి, అంటే ఊడిన పళ్ళ ఖాళీని పక్క పళ్ళ ఆసరాతో పూడ్చే పళ్ళ వరస, చేసి చూపించమంది. శుక్రవారానికి ఇవ్వాలి. నచ్చితే వాళ్ళ పనంతా ఈవిడకే. ఆలస్యమైతే ఇంకో ల్యాబు కాచుకుని కూర్చుంది.

"ఒక్క కార్డుకే డబ్బులున్నాయి అన్నయ్యా. తప్పు కార్డు కొంటే మళ్ళీ కొనడానికి డబ్బూ లేదు, టైమూ లేదు. ఈ రెంటిలో ఏది?"

బావమరిది రెండింటినీ డ్రాగన్ పందెంలోకి దింపాడు. జోడెద్దు ఒంటెద్దుకి దాదాపు రెట్టింపు గీసింది.

"చూశావా అక్కా? అంకె అబద్ధమాడదు."

"డ్రాగన్ బాగానే ఎగిరింది. దానికి పళ్ళు ఊడినప్పుడు కబురంపు. నా దవడ తిరుగుతుందా లేదా, అది చెప్పు."

నిజమే కదా అనిపించింది. ఇన్నేళ్ళుగా కార్డులు అమ్ముతున్నాను. గుమ్మం దాటాక అవి ఏ ఇంట్లో, ఏ పెట్టెలో, ఏం చేస్తున్నాయో ఒక్కసారీ చూడలేదు. కూతుర్ని అత్తారింటికి పంపి ఊరుకున్నట్టే. నాకు కుతూహలం పుట్టింది.

"మీ చోటికే తెస్తానమ్మా. రెండూ గుచ్చి చూద్దాం."

"వృథా ప్రయాస బావా," అన్నాడు బావమరిది. "అక్కడ జోడెద్దు ఓడితే నువ్వు చెప్పిన ధరకి నేనే కొంటా. పైసా బేరమాడను."

మంగలి సాక్షి.

ఆవిడ ల్యాబు ఒక మేడ మీద గది. గోడల పొడుగునా అరల్లో పింగాణీ రంగు దవడలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి, ఏదో పాట మధ్యలో ఆపినట్టు. కిటికీ చువ్వ మొదలు కుర్చీ కోడు దాకా అన్నిటి మీదా అదే తెల్ల పొడి. తెర ఉంది, మౌసు ఉంది, పెట్టె మాత్రం కనిపించలేదు.

"అలమరలో పెట్టా," అని బల్ల కింద తలుపు తీసింది. తలుపు అంచుల చుట్టూ స్పాంజి అతికించి ఉంది. "పాత కార్డుని దుమ్మే మింగింది. ఇప్పుడు ఇటువైపు నుంచి చీమని దూరమను చూద్దాం."

వెనకవైపు మాత్రం అలమరకి చెక్క లేదు. గోడకీ దానికీ మధ్య జానెడు సందులోంచి తీగలు పోతున్నాయి.

ముందు జోడెద్దు గుచ్చాం. తలుపు మూశాం. ఆవిడ మౌసు కదపగానే దవడ బొంగరంలా తిరిగింది. బావమరిది నాకేసి చూసి కనుబొమలెగరేశాడు. నేను మనసులో లాభం కట్టేసుకున్నాను.

"అయితే ప్యాక్ చేసినట్టేనా అక్కా?"

"ఒక్కసారి తిప్పి చూసి మురిసిపోవడానికి ఇదేం గాలిపటమా? కూర్చోండి. ఒక పన్ను పూర్తిగా చేసి చూస్తా."

కూర్చున్నాం. ఆవిడ పంటి మీద గాట్లు దిద్దుతూ, తిప్పుతూ, మళ్ళీ దిద్దుతూ పోయింది. సగం పన్నయిందో లేదో దవడ తడబడింది. ఆగింది. గెంతింది. మళ్ళీ ఆగింది.

"ఆయాసపడుతోంది," అందావిడ.

అలమర తలుపు మీద చెయ్యి పెట్టాను. ఇస్త్రీపెట్టె మీద పెట్టినట్టుంది. కార్డు కాలిపోకుండా తనంతట తనే వేగం తగ్గించుకుంటోంది. ఉత్త ఆరంభశూరుడు.

"తలుపు తీసి వాడుకో అక్కా, అంతేగా!" అన్నాడు బావమరిది.

ఆవిడ ఒక దవడ తీసుకుని గ్రైండరు ఆన్ చేసింది. కిటికీ ఎండలో తెల్లటి పొగ లేచి, నింపాదిగా వచ్చి అతని నల్ల చొక్కా మీద వాలింది.

"ఇప్పుడు చెప్పు బాబూ."

అతను చొక్కా దులుపుకున్నాడు. జోడెద్దునే అమ్మాలంటే నాకు దారి లేకపోలేదు. ఎప్పుడైనా కాస్త తలుపు తీసి ఉంచమని చెప్పి, డబ్బు జేబులో వేసుకుని మెట్లు దిగచ్చు. కానీ శుక్రవారం నాటికి ఆ తలుపు నా మెడకే పడుతుంది. పైగా రెండో కార్డు ఏం చేస్తుందో చూడకుండా ఆ గదిలోంచి కదలబుద్ధి కాలేదు.

ఒంటెద్దు గుచ్చాం. దవడ బరువుగా, తీరిగ్గా తిరిగింది. తలుపు మూసినా రొద వినిపిస్తూనే ఉంది.

"ఎద్దు కాదు బావా, దున్నపోతు."

ఆవిడ పని మొదలుపెట్టింది. సగం పన్నయింది. పన్ను మొత్తం అయింది. పక్క పన్ను కూడా అయింది. దవడ మొదట ఎంత తీరిగ్గా తిరిగిందో అప్పుడూ అంతే. ఎక్కడా ఆగలేదు, గెంతలేదు.

బావమరిది కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "ఎలా బావా? అంకెలో దాదాపు సగమే కదా ఇది!"

నేను మోకాళ్ళ మీద కూర్చుని అలమర వెనక సందులో చెయ్యి పెట్టాను. వేడిగాలి కొలిమి తిత్తిలోంచి వచ్చినట్టు వేళ్ళకి తగిలింది. అప్పుడు తెలిసింది. జోడెద్దు రెండు ఫ్యాన్లతోనూ వేడిని పెట్టెలోనే చిమ్మి, మళ్ళీ ఆ గాలే పీలుస్తోంది. ఒంటెద్దు తన వేడిని వీపు వెనక నుంచి నేరుగా బయటికి ఊసేస్తోంది. మా కొట్లో బల్ల మీద నాలుగు వైపులా గాలే. అక్కడ తలుపు మూసినవాడెవడు, ఈ తేడా కనపడ్డానికి?

"చెయ్యి పెట్టి చూడరా," అన్నాను. బావమరిది బోర్లా పడుకుని చెయ్యి పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

ఇక బేరం. నేను ధర చెప్పాను.

"ముసలిది, పైగా ఈ రొద. ఇంకాస్త తగ్గించు అన్నయ్యా."

"రొద మీకు ఇబ్బందా అమ్మా?"

"నా గ్రైండరు ముందు ఇదొక లెక్కా?" అనేసి, నాలిక కరుచుకుంది. ఉన్న ఒక్క పట్టూ జారిపోయింది. నవ్వుతూ నేను చెప్పినంతా ఇచ్చింది.

శుక్రవారం గడిచిన మర్నాడు కొట్టుకొచ్చింది. బ్రిడ్జి మొదటిసారే అమిరిందట. రోగి కొరికి చూసి, వెంటనే అద్దం అడిగిందట. వైద్యశాల పనంతా ఈవిడకే. ఇంకో మనిషిని పెట్టుకోవాలి, ఇంకో కంప్యూటర్ కావాలి.

"ఇలాంటి దున్నపోతు ఇంకోటుందా?"

ఉంటే దాచి ఉంచుతానన్నాను.

ఇక చివరి లెక్క. ఒంటెద్దు మీద మిగిలింది కొంచెమే. జోడెద్దు, మాట ప్రకారం బావమరిది కొనుక్కుంటే, మేడ మీదికెళ్ళింది. అక్కడ తలుపుల్లేని బల్ల మీద, కిటికీ పక్కన, హాయిగా డ్రాగన్లను ఎగరేస్తోంది. దాని చోటు దానికి దొరికింది. కొట్లో పరీక్ష బల్ల పక్కన పాత చెక్క అలమర ఒకటి చేరింది, తలుపు అంచులకి స్పాంజితో సహా. ఇప్పుడు ప్రతి కార్డూ అందులో కాసేపు కాపురం చేశాకే ధర కట్టించుకుంటుంది. కొనేవాళ్ళని "ఎంతలో కావాలి?" అనే ముందు "ఎక్కడ పెడతారు?" అని అడుగుతున్నాను. అలమర తలుపు మూసి, వెనక చెయ్యి పెట్టి, గాలి వస్తోందో లేదో చెప్పే పని మాత్రం ఎవరికీ ఇవ్వడు మా బావమరిది. కార్డులు రెండూ పోయినా అతను నా దగ్గరే మిగిలాడు, వారంటీ లేకుండానే.