చేటకు దక్కిన అక్షరాలు

హైమ వసారాలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. కంటబడ్డ ప్రతి రాయినీ గడప అవతలికి విసురుతోంది. గూట్లోంచి చూస్తున్న నాకు ఒళ్ళు మండిపోతోంది. ఎందుకంటే, నేనూ రాయినే.

దారిన పోయే రాయిని కాదు లెండి. నేను ఒక మార్కాపురం రాతిపలకను. గనిలో నన్ను రేకుగా చీల్చి, నునుపు చేసి, చుట్టూ చెక్క చట్రం బిగించారు. సంతలో హైమ వాళ్ళ నాన్న వేలితో కొట్టి చూసి, ఖంగుమన్నాకే కొన్నాడు. హైమ ఓనమాలు దిద్దింది నా మీదే. తప్పు పోతే ఉమ్మితో తుడిచేది. దాన్నీ నేను ముద్దుగానే భరించాను. ఆ తర్వాత నోటుపుస్తకాలు వచ్చాయి, నేను గూడెక్కాను. మనుషులు అక్షరం వచ్చేదాకా గుండెకు హత్తుకుంటారు, వచ్చాక దుమ్ముకు వదిలేస్తారు.

ఇప్పుడు హైమ టీచరు శిక్షణలో ఉంది. అందరిలా చదువు ఎక్కని పిల్లలకు ఎలా చెప్పాలో నేర్చుకుంటోందట. సెలవులకు వచ్చి, ఎదురింటి పావనికి అక్షరాలు నేర్పడానికి నన్ను కిందికి దించింది. నా సంబరం చెప్పనలవి కాదు.

పావని మాటల పుట్ట. కానీ దాని కళ్ళకు ప, వ కవలపిల్లలు. తన పేరు నా మీద రాస్తే 'వాపని' అయ్యేది. బడి పిల్లలకు అదే ఆట. "వాపనీ, నీకేం పనే?" అని వెంటబడేవారు. బలపం పట్టగానే దాని వేళ్ళు కొయ్యబారిపోయేవి. హైమకు వచ్చిన చదువు దీనికెందుకు రాదు? లోపం పిల్లదే అని తేల్చేశాను.

హైమ అలా తేల్చలేదు. ఒకనాడు నన్ను పక్కకు నెట్టి, బియ్యం చేటను పావని ముందుకు జరిపింది.

"బలపం వద్దు, వేలితో రాయి. 'ప' నోరు తెరుచుకుని ఉంటుంది, 'వ' మూసుకుని ఉంటుంది. తడిమి చూడు."

పావని కళ్ళు మూసుకుని తడిమింది. పకపకా నవ్వింది. నా మీద రాస్తూ అది ఒక్కసారైనా నవ్వి ఎరగదు. ఇక రోజూ చేటే, నేను మళ్ళీ గూట్లోకే. తవుడు, నూకలు చెరుగుకునే చేటకు అక్షరాల భోగం! దానికి చెదలు పట్టాలని నేను కోరుకోని రోజు లేదు.

ఇవాళ పావని అలా చేట ముందు కూర్చుందో లేదో, వాళ్ళ అవ్వ ఓబులమ్మ విసవిసా వచ్చింది.

"ఏందమ్మాయ్, తినే బియ్యంలో ఈ ఆటలు? ఇన్నేళ్ళు బడికి పోయి పేరు రాయడం రాలా. పలక మీద రాని సదువు సేటలో వస్తాదా? బడీ వద్దు, ఏం వద్దు. లేయే, రేపట్నుంచి మేకల ఎంట పో!"

నా చట్రం పొంగిపోయింది. తీసుకుపో ఓబులమ్మా, తొందరగా తీసుకుపో!

"అవ్వా, అక్షరాభ్యాసం నాడు దీని వేలు పట్టి బియ్యంలో రాయించింది నువ్వే గదా?" అంది హైమ మెల్లగా.

"అది శాస్త్రం. ఒక్కరోజు రాయించి ఎత్తేస్తాం."

"మా అందరికీ ఆ ఒక్కరోజు సరిపోయింది. దీనికి సరిపోలేదవ్వా. ఇంకొన్నాళ్ళు కావాలి, అంతే."

"ఇంకొన్నాళ్ళంటే? పెళ్ళయిందాకానా?"

పావని తలెత్తలేదు. చేటలో వేలు కదిలిస్తూనే ఉంది. 'ఓ' వచ్చింది. 'బు' వచ్చింది. 'ల' వచ్చింది. చివర ఒత్తు మరిచిపోవాలని నేను మొక్కుకున్నాను. అది మరవలేదు. 'మ' కింద, చోటు చూసుకుని, నిదానంగా ఒత్తు పెట్టింది.

వేలిముద్ర వేయడం నామోషీ అని ఓబులమ్మ సంతకం నేర్చుకుంది. ఆమె చదవగలిగేది ఆ ఒక్క మాటే. చేట మీదికి వంగింది. ముట్టుకుంటే చెదిరిపోతుందని కాబోలు, వేలు గాల్లోనే ఉంచి అక్షరం అక్షరం వెంట నడిపింది.

"నీ పేరేనే అవ్వా," అంది పావని.

ఓబులమ్మ నిటారుగా లేచి, కొంగు భుజం మీదికి లాక్కుంది. పిల్ల చెయ్యి పట్టుకోలేదు, రమ్మనలేదు. గడప దాటి వెళ్ళిపోయింది, ఒక్కతే.