నాగలి పళ్ళెం

సొంత అక్కను, దర్జీ భార్యను, కాటికి సాగనంపిన రోజున బావమరిది రాలేదు. తుపాకీ కొనడానికి పోయాడు. దర్జీ ఆ సంగతి మరిచిపోలేదు, మరిచిపోడు.

కానీ కూతురికి మేనమామంటే ప్రాణం. "సెలవే కదా, ఒక్కసారి రా నాన్నా" అని ప్రాణం తోడేస్తే, ఆ తుపాకీ పేల్చడం చూడ్డానికి పాడుబడిన క్వారీకి వాళ్ళ వెంట వెళ్ళాడు.

బావమరిదిది పాత ఇనుము కొట్టు. ట్రాక్టరు నాగలి పళ్ళెం ఒకటి తెచ్చి గురి చూడ్డానికి గొలుసుతో వేలాడదీశాడు. గుంటగా ఉన్న వైపు తమకు ఎదురుగా తిప్పాడు.

"బోర్లా తిప్పరాదూ?" అన్నాడు దర్జీ.

"ఇలాగైతేనే గంటలా మోగుతుంది బావా. ఇనుము సంగతి నాకొదిలెయ్. నువ్వెళ్ళి గుండీలు కుట్టుకో."

కూతురు పకపకా నవ్వింది. దర్జీ మొహం మాడ్చుకున్నాడు. ముగ్గురూ చెవుల్లో దూది కుక్కుకున్నారు.

బావమరిది పేల్చిన మొదటి గుండు దుమ్ము లేపింది. రెండోది పళ్ళేన్ని ఖంగుమనిపించింది. మూడోది తగిలిన క్షణాన దర్జీ చెంప పక్కనుంచి ఏదో కందిరీగలా దూసుకుపోయింది. బావమరిది ఇంకా పళ్ళెం వైపే చూస్తూ గంతులేస్తున్నాడు.

దర్జీ వెనక్కి తిరిగాడు.

కారు పక్కన నిలబడ్డ పిల్ల కూలబడి ఉంది. మెడమీద చెయ్యి. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు. పెదాలు ఆడుతున్నాయి, మాట వినబడడం లేదు. గొంతు పోయిందనుకున్నాడు. పరుగెత్తుకెళ్ళి పక్కన పడ్డాక, చెవుల్లో దూది గుర్తొచ్చి పీకేశాడు.

"మంటగా ఉంది నాన్నా... మంట..."

ఆ చెయ్యి తీసి చూడాలి. తనవల్ల కాలేదు. ఎన్నేళ్ళుగానో కాలరు కొలతలు తీస్తున్న మనిషి. టేపు కింద అక్కడే నాడి కొట్టుకుంటుందని అతని వేళ్ళకు తెలుసు. చెయ్యి తియ్యగానే నెత్తురు చిమ్మితే?

"తియ్యి బావా, నేను చూస్తా."

"దగ్గరికి రాకు."

ఒక్కో వేలూ లేపాడు. చర్మం చీరుకుపోయింది. నెత్తురు కారుతోంది. చిమ్మడం లేదు. జేబురుమాలు మడిచి అదిమిపట్టాడు. తలెత్తితే కారు తలుపులో రంపపు అంచులాంటి సీసం ముక్క దిగబడి ఉంది. పిల్ల నిలబడితే సరిగ్గా గొంతు ఎత్తున.

బావమరిది పళ్ళెం వైపూ కారు తలుపు వైపూ చూశాడు. "ఆ గుంటలో తగిలి ఇటే తిరిగొచ్చింది... అక్కే పైనుంచి కాపాడింది బావా."

"దాని పేరెత్తకు. బండి తియ్యి."

ఆస్పత్రిలో కుట్లు పడుతుంటే దర్జీ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఒళ్ళంతా చెమట. సూది దిగినప్పుడల్లా పిల్ల మూలిగింది. అతను పళ్ళు బిగించాడు.

ఇంటి గుమ్మం దాకా వచ్చి బావమరిది ఏడ్చాడు. "తిట్టు బావా. కొట్టు. ఏదో ఒకటి అను."

దర్జీ తలుపు మూసి గడియ పెట్టాడు.

"మామను ఇక రానివ్వవా నాన్నా? కావాలని చేశాడా ఏమన్నా?"

"ఈ సంగతి ఇక్కడితో సరి. నువ్వడిగినా, వాడడిగినా, పోలీసులే వచ్చి అడిగినా నా నోట రాదు. పడుకో."