శనివారం మాత్ర

మా ఇంటామె లలితమ్మకు రక్త క్యాన్సర్ అని తేలి ఈ శ్రావణానికి నాలుగేళ్లు. ఆ మాట విన్న రోజు గద్వాలలో మా వీధి వీధంతా మా ఇంటికి వచ్చి కూర్చుంది. కొందరు ఏడ్చి మరీ వెళ్లారు. డాక్టర్ సుష్మ మాత్రం మమ్మల్ని ఏడవనివ్వలేదు. ఆమె నెలకోసారి హైదరాబాద్ నుంచి వనపర్తికి వచ్చి ఇలాంటి జబ్బులు చూస్తుంది. ముప్పై ఏళ్ల కిందట అయితే ఈ రకం క్యాన్సర్‌కు ఎముకల్లో మూలుగ మార్చడం తప్ప గట్టి దారి లేదని, ఇప్పుడు రోజుకొక మాత్ర చాలని, అది వేసుకుంటూ చాలామంది ముసలితనం దాకా బతుకుతున్నారని చెప్పింది. మూడు నెలలకోసారి రక్తం తీసి హైదరాబాద్‌కు పంపుతారు. అక్కడి నుంచి రక్తంలో జబ్బు ఎంత మిగిలిందో చెప్పే ఒక అంకె వస్తుంది. అది ఎంత చిన్నదైతే అంత మంచిది.

మాది మగ్గం పని. గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచులకు పట్టు. ఆ రెండూ కలిసేచోట ఒక్కరి చేతులు చాలవు. నేను ఇటునుంచి దారపు కండె ఉన్న నాడె విసిరితే ఆమె అటునుంచి అందుకుంటుంది. జబ్బు చేశాక మా మగ్గం ఆరు నెలలు ఆగింది. మాత్ర పట్టిన తర్వాత ఒక ఉదయం ఆమె తనంతట తానే వచ్చి కూర్చుని, దారాలకు దుమ్ము పట్టిందని నన్ను తిట్టింది. ఆ తిట్లు వింటుంటే నాకు పూజలో కూర్చున్నట్టు అనిపించింది.

రెండేళ్లు దాటేసరికి అంకె పరీక్షకు దొరకనంత చిన్నదైంది. ఆ సాయంత్రం నేను కురుమూర్తి స్వామి పటం ముందు నిలబడి మొక్కాను. ఏడాది పాటు సోమవారం, శనివారం ఇద్దరం ఒక్కపొద్దు ఉంటామని, పగలంతా ఏమీ తినకుండా దీపం పెట్టాకే అన్నం ముడతామని. లలితమ్మను అడగలేదు. దేవుడికి ఇచ్చే మాటకు ఇంటామె ఒప్పుకోలు కావాలని నాకు తోచలేదు. తర్వాత చెబితే ఆమె కూడా సరేనని తలూపింది.

తర్వాతి పరీక్షలో అంకె కొంచెం పెరిగింది. ఆ తర్వాతి దానిలో బాగా పెరిగింది. డాక్టరమ్మ రమ్మంది.

మేం వెళ్లిన రోజు శనివారం. పెబ్బేరు సంతకు పోయేవాళ్లతో బస్సు నిండిపోయింది. లలితమ్మ ఆ రద్దీలో నిలబడే వచ్చింది. వనపర్తిలో డాక్టరమ్మ కాగితం చూసి చాలాసేపు మాట్లాడింది. ఒక్కోసారి జబ్బు మందుకు లొంగడం మానేస్తుందట. అలా జరిగిందో లేదో తేల్చే పరీక్ష ఉందట. లొంగకపోతే అంతకన్నా బలమైన మాత్రలు ఇప్పుడు రెండు మూడు రకాలు వచ్చాయట, కాబట్టి భయపడవద్దంది. అయితే వాటితో గుండెనూ రక్తనాళాలనూ కనిపెట్టుకుని ఉండాలంది. ఈ మాత్ర మీకు ఏ బాధా లేకుండా సరిపడింది, దీన్ని వదులుకోవడం నాకిష్టం లేదు అని కూడా అంది. మందు మార్చే ముందు నవనీతతో కాసేపు మాట్లాడి రమ్మని పక్క గదికి పంపింది.

నవనీత అక్కడి నర్సు. మందులు ఎలా వాడాలో రోగులకు చెప్పేది ఆమే. మాకు మంచినీళ్లిచ్చి, రాసుకునే పుస్తకం తెరిచింది.

"పొద్దున మాత్ర వేసుకున్నరా అమ్మా?"

"లేదు బిడ్డా. ఇయ్యాల శనివారం గదా" అంది లలితమ్మ.

నవనీత కలం పక్కన పెట్టింది. "శనివారమైతే ఏంది?"

"ఒక్కపొద్దు. ఉత్త కడుపుతోని మాత్ర ఏసుకోవద్దని మీరే చెప్తిరి."

"మరి రాత్రి తింటరు కదా, అప్పుడు?"

"పొద్దున ఏసుకునేది తప్పిపోతే మర్నాటి టైముకే ఏసుకోవాలె, రెండు కలిపి మింగొద్దని గూడ మీరే చెప్తిరి. మీరు చెప్పినదాంట్ల నేను ఒక్క మాట దాటలే."

గర్వంగానే చెప్పింది. అంతటితో ఆగక సంచిలోంచి డబ్బా తీసి మిగిలిన మాత్రల అట్టలు బల్ల మీద పేర్చింది. మందు దొరకని రోజు వస్తే పనికొస్తాయని దాచిందట. వారానికి రెండు చొప్పున ఆరు నెలలవి. అవి నేను దేవుడికి కట్టబెట్టిన సోమవారాలు, శనివారాలు.

నవనీత మందలించలేదు. "మాత్ర రోజూ వేసుకుంటున్నరా అని అడిగిన ప్రతిసారీ అవునన్నరు. రోజూ తింటున్నరా అని మేమెప్పుడూ అడగలేదు. తప్పు మాది గూడ ఉందమ్మా" అంది. లేచి వెళ్లి డాక్టరమ్మను తీసుకొచ్చింది.

ఏడు రోజుల్లో రెండు రోజులు మందు పడకపోతే అంకె పెరగడంలో వింత లేదని డాక్టరమ్మ చెప్పింది. జబ్బు మందుకు లొంగుతోందో లేదో తేల్చే ఆ పరీక్షకూ రక్తం తీయించింది. మూడు నెలలు ఒక్క రోజూ తప్పకుండా వేసుకుని చూద్దామని, అంకె దిగితే ఇదే మాత్ర, దిగకపోతే మార్పు అని తేల్చింది. ఇకనుంచి పగటి మాట వద్దని, రోజూ రాత్రి అన్నం తిన్నాక పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకోమని నవనీత కాగితం మీద రాసిచ్చింది. ఒక్కపొద్దు ఉన్నా రాత్రి తింటారు కాబట్టి మాత్రా తప్పదు, మొక్కూ తప్పదు.

దారి అంత సులువుగా దొరికినా తిరుగు బస్సులో నాకు మనసు కుదుటపడలేదు. బీచుపల్లి వంతెన మీద కృష్ణను చూసి అందరూ దండం పెడుతుంటే నా చేతులు లేవలేదు.

"లలితా, ఇగ ఒక్కపొద్దులు నేనొక్కణ్ణే ఉంట. నువ్వు తిను" అన్నాను.

"ఇద్దరి పేరు మీద మొక్కినవ్ గదా?"

"మొక్కింది నా నోరు. మాడింది నీ కడుపు."

"నీది ఎన్నడు మాడిందయ్యా? మగ్గం కాడ మూడు సార్లు చాయ తాగి ఒక్కపొద్దు అంటివి."

ముందు సీట్లో పలుపుతాడు భుజాన వేసుకుని కూర్చున్న రైతు వెనక్కి తిరిగి మరీ నవ్వాడు. నేను కూడా నవ్వాను కానీ లోపల ముల్లు అలాగే ఉంది. దేవుడు మన ఆకలి అడుగుతాడా? నాకు తెలియదు. పెద్దలు ఒక్కపొద్దులు ఉన్నారు, నేనూ ఉన్నాను, ఉన్న రోజు మనసు తేలికగా ఉంటుంది. కానీ లలితమ్మ ఆకలిని ఆయన అడగలేదు. నేనే తీసుకెళ్లి ఇచ్చాను. నాది కానిదాన్ని కానుకగా ఇస్తే ఆయన ఏ లెక్కన పుచ్చుకుంటాడు?

ఆమె నా మాట పూర్తిగా వినలేదు, పూర్తిగా తోసెయ్యనూ లేదు. సోమవారాలు తింది. శనివారాలు ఒక్కపొద్దు ఉంది. ఎందుకలా అని నేను అడగలేదు. రాత్రి అన్నం అయ్యాక మాత్ర మింగి, నీళ్లు తాగి, అట్టలో ఖాళీ అయిన గడి నాకు చూపించేది. ఆ పరీక్ష ఫలితం నెల తిరక్కుండానే వచ్చింది. జబ్బు మందుకు ఎదురు తిరిగిన గుర్తులేమీ లేవని నవనీత ఫోన్లో చెప్పింది. అసలు అంకె కోసం మూడు నెలలూ ఆగక తప్పలేదు. ఆ మూడు నెలల్లో రెండు చీరలు నేసి మగ్గం మీంచి కోశాం.

మళ్లీ వనపర్తి. డాక్టరమ్మ ఈసారి కాగితం మా వైపు తిప్పి వేలు పెట్టి చూపించింది. పెరిగిన అంకె పదో వంతుకు దిగింది. ఇంకా దిగుతుందని, మందు మార్చే పని లేదని చెప్పింది. కొన్నేళ్ల పాటు అంకె అడుగున నిలబడితే, పరీక్షలు చేసుకుంటూ మాత్ర ఆపగలిగినవాళ్లు కూడా ఉన్నారట. అది అందరికీ కుదరదని, ఇప్పటి మాట కాదని, రాత్రి మాత్ర మరవద్దని అంది. లలితమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

నాకు తెలియకుండానే నా చేతులు జోడయ్యాయి. కళ్లు మూతపడ్డాయి. పెదవులు కదిలాయి.

మోచేతి మీద లలితమ్మ చెయ్యి పడింది.

"ఏం మొక్కుతున్నవ్?"

"ఏం లేదు."

"మొక్కు, నేనొద్దంటలేను. నన్నడిగి మొక్కు."