ఒకే ఫోల్డర్‌లో రెండు చిప్‌లు

తల్లి అంత్యక్రియలు ముగించుకుని మలేషియాలోని తైపింగ్ నుంచి పెనాంగ్‌కి తిరిగొచ్చిన రోజే సూక్ యిన్‌కి తన పని పరాయిదైపోయిందని తెలిసింది.

అక్కడి బయాన్ లెపాస్‌లోని కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో ఆమె కంపైలర్ బృందంలో ఉండేది. మనుషులు రాసిన ప్రోగ్రామును చిప్‌కి అర్థమయ్యే భాషలోకి మార్చేది కంపైలర్. మార్చేటప్పుడు కొన్ని లెక్కల ముక్కలను అది లైబ్రరీలోంచి తెచ్చి కలుపుకుంటుంది. ఏ చిప్ లైబ్రరీ ఆ చిప్‌దే. ఆ లైబ్రరీలు కస్టమర్ కంప్యూటర్‌లో ఎక్కడ ఉండాలన్నది ఎవరికీ పట్టని విషయం. సూక్ యిన్‌కి పట్టింది. చిప్‌కో ఫోల్డర్ చొప్పున, ఒకదాని లైబ్రరీ మరొకదాని మీద పడకుండా, కంపైలర్ తనకు కావలసినదాన్ని తానే వెతుక్కునేలా ఒక ఏర్పాటు తయారుచేసింది. నెలల తరబడి కూర్చుని చేసిన పని అది.

ఆమె శవపేటిక పక్కన కూర్చుని పరలోకంలో తల్లి ఖర్చులకని కాల్చే బంగారు కాగితాలు మడుస్తున్నప్పుడు, ఆమె మేనేజర్ కియాన్ హాక్ సింగపూర్‌లో వేదికెక్కి, ఆ ఏర్పాటు బొమ్మలు తెర మీద చూపిస్తూ అది తన సొంత ఆలోచన అని చెప్పుకున్నాడు.

"ఆ బొమ్మలు నేను గీసినవి, బాస్," అంది సూక్ యిన్.

"గీసింది నువ్వే, కాదన్నదెవరు? గీయించింది నేను," అని నవ్వాడు అతను. "మీ అమ్మ పోయిన బాధలో నీకు అన్నీ పెద్దగా కనిపిస్తున్నాయి. ఇంకొన్నాళ్ళు సెలవు పెట్టుకో."

ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. ఇంకేమన్నా మరిచిపోయేదేమో. అమ్మ పేరెత్తాడు.

తర్వాత ఆమెను ఫిర్యాదులకు జవాబులిచ్చే పనికి మార్చాడు. కొత్త చిప్ విడుదల తొందరలో, తాను దొంగిలించిన ఏర్పాటును తానే చెడగొట్టాడు. కస్టమర్‌కి సులువని లైబ్రరీలన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టించాడు. పాత చిప్‌వీ కొత్త చిప్‌వీ పేర్లు ఒకటే. సూక్ యిన్ మీటింగులో అడ్డు చెబితే, "వీళ్ళింట్లో గిన్నెకో అలమర, చెంచాకో అలమర ఉంటాయి కాబోలు!" అన్నాడు. అందరూ నవ్వారు. లైబ్రరీలను కస్టమర్లకు పంపే ప్యాకేజీలుగా కట్టే హస్లిండా మాత్రం తల దించుకుంది. ఆ నెలాఖరుకే సూక్ యిన్ రాజీనామా ఇచ్చింది.

బటు కవాన్‌లో ఆసుపత్రులకు స్కానింగ్ యంత్రాలు తయారుచేసే కంపెనీలో చేరింది. అక్కడి పెద్ద శివనేశన్ ఒకరోజు ఆమెను పిలిచి, "మీ పాత కంపెనీ చిప్‌లు కొనాలనుకుంటున్నాం. సరుకు నువ్వే పరీక్షించు," అన్నాడు.

ప్యాకేజీ రాగానే విప్పి చూసింది. అదే ఒక్క ఫోల్డర్. ఒక చిప్ లైబ్రరీ ఎక్కించాక రెండోదాన్ని ఎక్కిస్తే మొదటిది చెరిగిపోతుంది. రెండు చిప్‌లూ ఒకే కుటుంబానివి కాబట్టి తప్పు లైబ్రరీ దొరికినా యంత్రం ఆగదు. చప్పుడు లేకుండా తప్పు లెక్కలు కడుతుంది.

పాత కంపెనీకి ఒక్క వాక్యం రాసి పంపితే సరిపోయేది. రాసింది కూడా. చదువుకుని చెరిపేసింది.

మర్నాడు హస్లిండా ఫోన్ చేసింది. "అక్కా, ప్యాకేజీ చూశావా? ఏదైనా తేడా ఉంటే నాకు చెప్పేయ్. డెమోకి ముందే సర్దేస్తా."

"బాగానే ఉంది, హస్. నువ్వేం కంగారు పడకు."

డెమో రోజు మధ్యాహ్నం కియాన్ హాక్ కొత్త కోటు తొడుక్కుని, హస్లిండాని వెంటబెట్టుకుని వచ్చాడు. సూక్ యిన్‌ని చూసి, "ఓహో, ఇక్కడ తేలావా!" అన్నాడు. ఆమె చిరునవ్వుతో కుర్చీ చూపించింది.

పరీక్షకు కాలేయం ఆకారంలో మైనపు ముద్ద ఒకటి ఉంది. పాత చిప్‌తో తీసిన స్కాన్ శుభ్రంగా వచ్చింది. కొత్త చిప్ ప్యాకేజీ ఎక్కించి తీసినదీ బాగానే వచ్చింది. శివనేశన్ తల ఊపాడు.

"పాత చిప్‌తో మళ్ళీ ఒకసారి తీయండి," అంది సూక్ యిన్.

"ఇందాకే చూశారుగా?" అన్నాడు కియాన్ హాక్.

"మా యంత్రాల్లో రెండు చిప్‌లూ కలిసే ఉంటాయి, బాస్."

మళ్ళీ తీశారు. ఈసారి తెర మీద కాలేయం మధ్యలో నల్లటి గడ్డ ఒకటి తేలింది. మైనపు ముద్దలో అలాంటిదేమీ లేదు.

శివనేశన్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఈ గడ్డ చూసి డాక్టరు కత్తి పట్టుకుంటే?" అన్నాడు.

"ప్యాకేజీ కట్టింది ఈ అమ్మాయి," అంటూ కియాన్ హాక్ హస్లిండా వైపు వేలు చూపించాడు.

"ఒకే ఫోల్డర్ చాలని ఆర్డరిచ్చింది మీరు. ఆ మీటింగులో నేనున్నాను," అంది సూక్ యిన్. "సింగపూర్‌లో ఈ ఆలోచన మీదేనన్నారుగా. అయితే సరిచేయండి. ఇదిగో కీబోర్డు."

అతను కూర్చున్నాడు. ఒక ఫోల్డర్ తెరిచాడు, మూశాడు, ఇంకోటి తెరిచాడు. కంపైలర్ లైబ్రరీ కోసం ఎక్కడ వెతుకుతుందో కూడా అతనికి తెలియదు. మెడ వెనక చెమట కోటు కాలర్‌లోకి దిగింది. చూడలేక హస్లిండా కీబోర్డు వైపు చెయ్యి చాచింది.

"నువ్వు కాదు, హస్. ఆయన చేస్తారు," అంది సూక్ యిన్.

అలా అతన్ని కూర్చోబెట్టి చూస్తూ ఉంది. అమ్మ పోయాక మొదటిసారి ఆమె గుండె తేలికైంది. చివరికి శివనేశనే "చాలు" అన్నాడు.

కార్ల దగ్గర హస్లిండా ఆమెను ఆపింది. "బాగానే ఉందన్నావు, అక్కా."

"నీ మీదకి రానివ్వలేదుగా."

"ఆయన పడటం చూడాలని నన్ను కళ్ళు మూసి గోతి దాకా నడిపించావు. ఆయనకీ నీకూ తేడా ఏంటి?"

సూక్ యిన్ బ్యాగులో కారు తాళాలు వెతుక్కుంది.

బేరం పోయింది. కియాన్ హాక్ ఉద్యోగమూ పోయింది, వెంటే ఆ బృందాన్నీ ఎత్తేశారు. హస్లిండాని తమ కంపెనీలో చేర్చుకోమని సూక్ యిన్ శివనేశన్‌ని ఒప్పించింది. కబురు పంపితే హస్లిండా నుంచి జవాబు లేదు. తర్వాత ఆమె కెడా రాష్ట్రంలోని సొంతూరికి వెళ్ళిపోయిందని తెలిసింది.

కియాన్ హాక్ సంగతి అడిగితే సూక్ యిన్ ఈనాటికీ ఆ చెమట గురించి ఇష్టంగా చెబుతుంది. హస్లిండా ఏమైందని అడిగితే మాత్రం లేచి వెళ్ళిపోతుంది.