బొరుసులు పడేదాకా

పెళ్లయి పదకొండు రోజులు. ఆ పదకొండు రోజుల్లో మా ఆయన మీద నాకు ఒక్కసారి కూడా కోపం రాలేదు. ఆస్ట్రేలియాలో సైనికుల్ని తలుచుకుని నాణేల పందెం ఆడే ఆంజాక్ రోజు మధ్యాహ్నం, పబ్బు పెరట్లో, అదంతా వడ్డీతో సహా వచ్చింది.

మూడున్నరకల్లా ఆటు వచ్చి కాలవలో నీళ్లు వెనక్కి పోతాయి, ఇక పడవ కదలదు. మేం వెళ్లాల్సిన దీవిలో గది దొరికింది ఆ ఒక్క రాత్రికే. "ఒక్కసారి ఎగరేసి వచ్చేస్తా" అని పందెం బరిలోకి దిగిన మా ఆయన డార్సీ మాత్రం రెండున్నరైనా అక్కడే ఉన్నాడు. చెక్కపలక మీద రెండు పాత పెన్నీ నాణేలు పెట్టి ఎగరేస్తాడు, రెండూ బొమ్మలే పడతాయి, జనం ఈలలు. రెండూ బొరుసులు పడితేగానీ పలక చేతులు మారదు. ఒకటి బొమ్మా, ఒకటి బొరుసూ పడితే మళ్లీ ఎగరెయ్యాలి.

పోనీ పడవ నడిపే మెర్వ్‌ని కదిలిద్దామంటే, ఆయనా నా పక్కనే ఉన్నాడు, బొమ్మల మీద కాశానని తెలిసేలా యాభై డాలర్ల నోటు నెత్తిన పెట్టుకుని.

"పడవ సంగతేంటి మెర్వ్?"

"మీ ఆయన బొమ్మలేస్తుంటే ఎక్కడికి పోతానమ్మాయ్! కొత్త పెళ్లికొడుకు చెయ్యి, మళ్లీ దొరుకుతుందా?"

"నీళ్లు వెనక్కి పోతాయి!"

"రేపు మళ్లీ వస్తాయిలే."

"డార్సీ! చాల్లే, రా!" అని అరిచాను.

"రావడానికి లేదు టెస్! బొరుసులు పడాలిగా!" అని పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. ఆ నవ్వు చూసే చేసుకున్నాను, ఎవర్నని ఏం లాభం!

ఒళ్లు మండి బొరుసుల మీద పది డాలర్లు కాశాను. బొమ్మలు. ఇరవై కాశాను. మళ్లీ బొమ్మలు. మూడు కావస్తుండగా, ఎట్టకేలకు, రెండూ బొరుసులు. అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

సంచులు భుజాన వేసుకుంటుంటే బరి నడిపే నోలీన్ కంచు గొంతు వినిపించింది. "తర్వాతెవరు? ఇందాక అరిచిన పిల్లా, నువ్వే, రా!"

"ఒక్కసారేగా, వెళ్లు," అన్నాడు డార్సీ.

"ఒక్కసారే," అన్నాను నేను.

పెన్నీలు ఇంకా అతని చేతి వెచ్చదనంతోనే ఉన్నాయి. ఎగరేశాను. ఎండలో తళుక్కుమని తిరిగి పడ్డాయి. రెండూ బొమ్మలు! పెరడంతా హోరెత్తింది. మెర్వ్ నోటు మళ్లీ నెత్తికెక్కింది. ఇంకోసారి, బొమ్మలు. ఇంకోసారి, ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు. ఇంకోసారి, బొమ్మలు!

"టెస్! మూడుంపావు!" సంచులన్నీ మెడకు తగిలించుకుని డార్సీ గంతులేస్తున్నాడు.

"రావడానికి లేదు డార్సీ! బొరుసులు పడాలిగా!"

అవి పడేసరికి నాలుగైంది. మేం రేవుకు వెళ్లేసరికి పడవ బురదలో పక్కకు ఒరిగి హాయిగా పడుకుంది. గెలిచిన డబ్బుతో మెర్వ్ ముగ్గురికీ మాంసం కూరి కాల్చిన వేడివేడి పైలు కొన్నాడు. రేవు చెక్కల మీద కాళ్లు వేలాడేసి, దక్కని దీవిని చూస్తూ తిన్నాం. సాసు నా కొత్త గౌను మీద కారింది.

"అంతా నీవల్లే," అన్నాను డార్సీతో.

"అవును," అంటూ చేతిరుమాలుతో గౌను తుడిచాడు. మరక ఇంకా పెద్దదైంది.